పదికి తొమ్మిదిన్నర మార్కుల కారు

నేను ఆత్మకూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. సగటు, శాంపిల్, సర్వే, వీటి మీదే నా బతుకు. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. ఇక్కడ రాయబోయే పొరపాటు చదువు లేనివాడు చేసింది కాదు. చదువు లేనివాడు ఇంత పద్ధతిగా పొరపాటు చేయలేడు.

మా అక్కను ఉదయగిరిలో ఇచ్చాం. బావ డ్రైవరు. ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఎవరెవరి కార్లో తోలాడు. పెళ్లిళ్లకు, తిరుపతికి, ఎలక్షన్లకు తోలాడు. గత కొన్నేళ్లుగా సోమవారం, గురువారం మాత్రం ఎవరు పిలిచినా వేరే బాడుగకు పోడు. ఆ రెండు రోజులూ తెల్లవారుజామున ముగ్గురు కిడ్నీ రోగులను ఎక్కించుకుని ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోతాడు. ఎనిమిది గంటలకు వాళ్లకు డయాలిసిస్ మిషన్ దొరుకుతుంది. కాస్త ఆలస్యమైతే ఆ మిషన్ మీద వేరేవాళ్లను పడుకోబెడతారు. అప్పుడు మళ్లీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పలేరు. మధ్యాహ్నం కావచ్చు, మర్నాడు కావచ్చు.

ఆ ముగ్గురిలో ఒకాయన చెక్క స్పూన్లు చేసే పెద్దాయన. మా వైపు చెక్కతో స్పూన్లు, ఫోర్కులు చెక్కే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఆయన ఎడమచేతికి డయాలిసిస్ కోసం ఆపరేషన్ చేశారు కాబట్టి ఆ చేత్తో బరువు పట్టకూడదు. కుడిచేత్తో ఉలి పట్టుకుని, స్పూనును రెండు పాదాల మధ్య బిగించి ఇప్పటికీ చెక్కుతాడు. బావ ఆయన్ని చాచా అంటాడు. నేనూ అట్లాగే అనడం నేర్చుకున్నాను.

బావ తోలే కారు ఓనరు ఒకరోజు దాన్ని అమ్మేసి ఒంగోలు వెళ్లిపోయాడు. బావ ఆ వారం రెండు ట్రిప్పులూ అద్దెకారు మాట్లాడి తిప్పాడు. ఆదివారం బస్సెక్కి ఆత్మకూరులో మా ఇంటికి వచ్చాడు.

"సొంతంగా ఒక బండి తీసుకుందామనుకుంటా ఉండాను. పాతదే. నువ్వు చదువుకున్నోడివి. ఏ బండి ఆగకుండా పోతాదో చెప్పరా. ఏసీ లేకపోయినా పర్లేదు, పాటలు పాడకపోయినా పర్లేదు. దారిలో ఆగగూడదు, అంతే."

నా జీవితంలో నన్నెవరూ ఇంత సూటిగా స్టాటిస్టిక్స్ ప్రశ్న అడగలేదు. నాకు ఎంతో గర్వమనిపించింది.

ఆ రాత్రి ఇంటర్నెట్‌లో ఒక పెద్ద సర్వే వెతికి పట్టుకున్నాను. కార్లు కొన్నవాళ్లను అడిగి, ఏ కారు ఎంత నమ్మకమైనదో వరుసగా పెట్టారు. ఏడుగురు కూర్చునే కార్లలో ఒక కారుకు మొదటి స్థానం ఇచ్చారు. ఆ కారు పేరు ఇక్కడ రాయను. దాని తప్పు ఎంతో నా తప్పు ఎంతో ఇప్పటికీ తేలలేదు. ఆ పేజీని రంగుల్లో ప్రింటు తీసి బావకు ఇచ్చాను. బావ దాన్ని రెండు వైపులా చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒకసారి మేస్త్రిని గూడా అడుగుదాం" అన్నాడు.

మేస్త్రి అంటే నెల్లూరు రోడ్డులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్. బావకు పాతికేళ్ల స్నేహితుడు. మేం పోయేసరికి ఒక తెల్లకారు కింద పడుకుని ఉన్నాడు. మా వైపు ట్యాక్సీలన్నీ ఆ రకం తెల్లకార్లే. నేను కాగితం చూపించి ఈ కారు ఎట్లాంటిదని అడిగాను.

"ఆ బండి నా షెడ్డుకు రానేరాదు సార్."

నేను బావ వైపు చూశాను. చూశావా అన్నట్టు చూశాను.

మేస్త్రి కారు కింద నుంచి బయటికి జరిగి అన్నాడు. "మన పక్క మొత్తం కలిపి పది పదకొండు ఉంటాయేమో. అవి నెల్లూరు షోరూముకే పోతాయి. ఈ తెల్లబండ్లు తీసుకోండి. రోజూ నా దగ్గరికి ఇవే వస్తాయి. మంచి బండి."

"రోజూ షెడ్డుకొచ్చేది మంచి బండి ఎట్లా అవుతుంది మేస్త్రీ?"

"దీని జబ్బులన్నీ నాకు తెలుసు సార్. యాడ ఆగినా పావుగంటలో లేపతా. తెలిసిన జబ్బు ఒక జబ్బా?"

దారిలో బావకు క్లాసు తీసుకున్నాను. మెకానిక్‌ను కారు గురించి అడగడమంటే ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఊరి ఆరోగ్యం లెక్కగట్టడమే. ఆయనకు చెడిపోయినవే కనిపిస్తాయి, బాగున్నవి కనిపించవు. ఊళ్లో ఏ కార్లు ఎక్కువుంటే షెడ్డుకు అవే ఎక్కువొస్తాయి. ఇందులో ఒక్క మాటా తప్పు కాదు. ఇప్పటికీ క్లాసులో ఇదే చెబుతాను. బావ బస్టాండు దాకా తలూపుతూ నడిచాడు.

అయినా నాలో ఒక నిజాయితీ ఉంది. ఆ ఇంటర్నెట్ సర్వేలో జవాబులు చెప్పింది సిటీ వాళ్లు, కొత్తకార్ల వాళ్లు. కొత్తొక వింత అన్నారు కదా, కొన్న ఏడాదిలోపు అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. మన రోడ్లు వేరు, మన ఎండ వేరు. కాబట్టి మన ప్రాంతంలోనే నేనొక సర్వే చేస్తానన్నాను. పది ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేశాను. ప్రతి ప్రశ్నకూ పది మార్కులు. మేస్త్రి దగ్గర, డ్రైవర్ల దగ్గర వాకబు చేస్తే ఆ కార్లు పదకొండు తేలాయి. పదకొండు చిన్న శాంపిల్ కాదా అని అడగవచ్చు. ఉన్నవే పదకొండు కాబట్టి అది శాంపిల్ కాదు, జనాభా లెక్కలు. ఈ మాట చెప్పి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడు ఆదివారాలు నా స్కూటరు మీద బావను వెనక కూర్చోబెట్టుకుని తిరిగాను.

మొదటి ఓనరు ఉదయగిరి దగ్గర పెద్ద రైతు, ఊరి రాజకీయాల్లో ఉన్న మనిషి. ఫారం చదవకుండానే అన్నింటికీ పది వేయమన్నాడు. వాళ్ల నాయకుడి దగ్గర కూడా ఇదే కారు ఉందట. దానికి తక్కువ వేస్తే ఎవరికి తక్కువ వేసినట్టో ఆయన వివరించలేదు, నేను అడగలేదు. ఆయన డ్రైవరు కారు పక్కనే నిలబడి ఉంటే, నువ్వు చెప్పు ఎట్లా ఉంది అన్నాను. ఆ మనిషి ఒకసారి కారు వైపు చూసి, నన్ను చెయ్యి పట్టుకుని గడ్డివామి వెనక్కి తీసుకుపోయాడు. "ఏం జెప్పమంటారు సార్" అని మొదలుపెట్టేలోపు ఇంట్లోంచి కేక వినిపించింది, వెళ్లిపోయాడు. ఓనరుకు భయపడి ఉంటాడనుకున్నాను. బావ కాదన్నాడు.

"బండి ముందర బండిని తిట్టగూడదు. వింటాది."

"విని?"

"ఆ రోజే ఆగతాది. డ్రైవర్లెవరూ తిట్టరు."

స్కూటరు మీద పోతూ చాలాసేపు నవ్వాను. నేను తయారుచేసిన పది ప్రశ్నలూ కార్ల పక్కనే నిలబడి అడుగుతున్నానన్నది నాకు తట్టలేదు.

సోమశిలలో చేపల వ్యాపారి ఒకాయన అన్నింటికీ పది వేసి, చివరి ప్రశ్న దగ్గర ఆలోచించి ఐదు వేశాడు. ఎందుకంటే ఎన్నిసార్లు కడిగినా కారులో చేపల వాసన పోవడం లేదట. నా సర్వే మొత్తంలో ఎవరైనా మార్కులు తీసింది అక్కడ ఒక్కచోటే. దానికీ కారుకూ సంబంధం లేదు, కానీ వేసినవి వేసినట్టే రాసుకోవాలి కదా, రాసుకున్నాను.

ఆత్మకూరులో ఒక ఆఫీసు ఉద్యోగి ఇంటికి పోతే కారు లేదు. నాలుగు రోజులుగా నెల్లూరులో రిపేరులో ఉందన్నాడు. మరి మార్కులు అని అడిగితే, "బండి సూపర్ సార్, పదేసుకోండి" అన్నాడు. టీ తెచ్చిన ఆయన భార్య నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఆ బండి వద్దని మా నాయన చెప్పినాడు, మా అన్న చెప్పినాడు. వినకుండా తెచ్చినాడు. ఇప్పుడు బాగలేదని నోరు తెరిస్తే నేను ఊరుకుంటానా?"

ఆయన తలవంచుకుని టీ తాగాడు. నేను పది వేసుకున్నాను. ఆవిడ మాట ఎక్కడా రాసుకోలేదు. ఆవిడ ఓనరు కాదు కాబట్టి ఫారంలో ఆవిడకు గడి లేదు.

చివరివాడు దుత్తలూరు వైపు రైతు. మెత్తని మనిషి. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ప్రతి ప్రశ్నకూ ఆలోచించి జవాబు చెప్పాడు. "నాలుగేళ్లలో ఇంజన్ ముట్టుకోలా సార్" అన్నాడు. సమస్యలేమైనా వచ్చాయా అంటే ఏం రాలేదన్నాడు. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అనే ప్రశ్నకు, "ఎండాకాలంలో ఒక నీళ్లక్యాను, ఒక తువ్వాలు బండిలో పెట్టుకోండి" అన్నాడు. నేను ఆ గడిలో 'మర్యాదస్తుడు' అని రాశాను. లేచేటప్పుడు, ఆ కారు అమ్మే ఉద్దేశంలో ఉన్నానని చెప్పాడు.

లెక్క వేశాను. పదికి దాదాపు పది వచ్చింది. చేపల వాసనకు గౌరవమిచ్చి తొమ్మిదిన్నర అని పెట్టాను. ఇంటర్నెట్ సర్వే, నా సర్వే రెండూ ఒకే మాట చెప్పాయి. ఒకరికొకరు తెలియని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే జడ్జి కూడా నమ్ముతాడు. బావ దుత్తలూరు కారును ఒక రౌండు తోలి చూశాడు. బానెట్ ఎత్తి చెవి పెట్టి విన్నాడు.

"బాగనే ఉండాది" అని ఆగాడు. "అయినా ఆ తెల్లబండే..."

నేను కాగితం తీశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆ కుందేలును బావ చేత కొనిపించాను.

మాఘమాసంలో కొన్నాం. చలిలో కారు చక్కగా తిరిగింది. చాచా మొదటిరోజే మధ్య సీటులో కిటికీ పక్కన చోటు చూసుకున్నాడు, ఎడమచెయ్యి ఎవరికీ తగలకుండా. అక్క ప్రతి సోమవారం ఫోన్ చేసి, "టైముకే పోయినారంట" అని చెప్పేది. ఎండలు ముదిరాక ఆ ఫోన్లు తగ్గాయి. నేనే చేసి బావను అడిగితే, "ఏం లేదులేరా, అంతా బాగనే ఉండాది" అనేవాడు. అక్క మాత్రం ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఎక్కడో ఆగిందంట అని చెప్పింది. ఇంకోసారి ఆగిందని చెప్పింది. తిరిగొచ్చేటప్పుడే కదా అనుకున్నాను. సగటు మీద నమ్మకం ఉన్నవాడికి రెండు మూడు సంఘటనలు ఏమూలకూ ఆనవు.

వేసవి సెలవుల్లో ఒక సోమవారం నాకు నెల్లూరులో పనిబడి అదే కారులో బయల్దేరాను. ముందు సీటు నాది. ఆత్మకూరు దాటాం, సంగం దాటాం. సూర్యుడు ఎదురుగా వచ్చాడు. అప్పుడు కారు ఏ చప్పుడూ చేయకుండా ఆగిపోయింది. దగ్గలేదు, పొగ రాలేదు. ఊరికే ఆగిపోయింది.

బావ దిగి, వెనక డిక్కీ తీసి, నీళ్లక్యాను, తువ్వాలు బయటికి తీశాడు. తువ్వాలు తడిపి ఇంజన్ పక్కన ఏదో భాగం మీద చుట్టాడు. ఆ తువ్వాలుకు అప్పటికే నల్లటి మరకలున్నాయి. ఇది ఎన్నోసారో ఆ మరకలు చూస్తే తెలిసింది.

"పది నిమిషాలురా" అన్నాడు. పది నిమిషాలైంది. ఇరవై అయింది. తువ్వాలు మళ్లీ తడిపాడు.

చాచా కిందికి దిగి రోడ్డు పక్క చప్టా మీద కూర్చున్నాడు. మూడు రోజుల నీరు ఒంట్లో ఉంది. కళ్ల కింద వాచి ఉంది. మాట మధ్యలో ఊపిరి అందక ఆగుతున్నాడు. మిగతా ఇద్దరూ రోడ్డు వైపు చూస్తున్నారు. బావ ఇంజన్ వైపు ఒకసారి, చాచా వైపు ఒకసారి చూస్తూ, స్టీరింగు దగ్గరికీ బానెట్ దగ్గరికీ తిరుగుతున్నాడు. చొక్కా అంతా తడిసిపోయింది. నేను నీడ కోసం గొడుగు పట్టుకుని నిలబడ్డాను. చేయగలిగింది అదొక్కటే.

ఆర్టీసీ బస్సు వచ్చింది. కండక్టరు మంచివాడు, ఆపాడు. చాచాకు మెట్లు ఎక్కడం కుదరలేదు. నేనూ బావా చెరోవైపు పట్టి లేపాం, ఎడమచెయ్యి తగలకుండా. మిగతా ఇద్దరూ వెనకే ఎక్కారు, బావ కారు దగ్గర ఉండిపోయాడు. ఆస్పత్రికి పోయేసరికి ఎనిమిదిన్నర దాటింది. ముగ్గురి మిషన్ల మీదా వేరేవాళ్లు ఉన్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు చూస్తామన్నారు. చాచాకు ఆక్సిజన్ పెట్టి బెంచీ మీద కూర్చోబెట్టారు.

ఆ నాలుగు గంటలు నేను ఆయన పక్కనే కూర్చున్నాను. నాకు భయమేసింది. అంతకుముందు ఎప్పుడూ అంత భయపడలేదు. నా బ్యాగులో ఆ పదకొండు ఫారాలున్నాయి. కాలేజీలో విద్యార్థులకు ఉదాహరణగా చూపించడానికి దాచుకున్నాను. బయటికి తీయలేదు.

మధ్యలో చాచా మాస్కు పక్కకు జరిపి నా మోచెయ్యి తట్టాడు. "మా వాడికి జెప్పబాకు బేటా. తెలిస్తే నన్ను ఆత్మకూరు తీసకబోతాడు. ఆడ నాకేం పని? మీ బావ బండి మాన్పిస్తాడు."

మా వాడంటే ఆయన కొడుకు. ఆత్మకూరులో ఉద్యోగం. చెప్పనని తలూపాను. ఒంటిగంటకు లోపలికి తీసుకుపోయారు. సాయంత్రం బయటికి వచ్చినప్పుడు చాచా నడిచి వచ్చాడు.

మర్నాడు ఒక్కడినే దుత్తలూరు వైపు పోయాను. కోపంగానే పోయాను. రైతు అదే మంచం వేసి, అదే మజ్జిగ ఇచ్చాడు.

"సమస్యలేం లేవన్నారు కదా?"

"లేవు గదా సార్."

"ఎండలో ఆగుతుంది."

"ఆగతాది. తడిగుడ్డ ఏస్తే మళ్లా పోతాది. అది సమస్యెందుకయితాది?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "క్లచ్చి మూడుమాట్ల మార్పించినా. ఏసీ రెండుమాట్ల. ఇంజన్ మాత్రం ముట్టుకోలా. తువ్వాలు సంగతి గూడా చెప్పినా గదా, రాసుకున్నారు మీరు."

నా ఫారం తీసి చూశాను. నిజమే, చెప్పాడు. ఆయన అబద్ధం ఆడలేదు. మా వైపు ఇంజన్ కిందికి దించి విప్పితేనే అది సమస్య. మిగతావన్నీ చెప్పులు అరిగినట్టు, మార్చుకుంటూ పోయేవి. వేడెక్కితే ఆగి, చల్లబడితే కదిలే బండిని ఆయన నాలుగేళ్లు తోలాడు. ఆగినప్పుడల్లా చెట్టు కింద ఒక బీడీ తాగాడు. ఆయనకు ఎనిమిది గంటలకు ఎక్కడా మిషన్ లేదు. నేను వేసిన పది ప్రశ్నల్లో 'మీరు ఎంత తొందరలో ఉంటారు' అన్న ప్రశ్న లేదు.

ఆ వారమే సర్వే మళ్లీ చేశాను. ఈసారి మార్కులు లేవు. ఒకటే ప్రశ్న, అదీ కారుకు దూరంగా తీసుకుపోయి అడిగాను. చివరిసారి మీ కారు రోడ్డు మీద ఆగితే పక్కకు ఎవరు తోశారు?

మనిషికి కారు రోగం గుర్తుండదు. తోసినవాళ్లు గుర్తుంటారు. పెద్దరైతు, మేకలు కాసేవాళ్లు తోశారని చెప్పి, వాళ్లలో ఒకడిది ఏ ఊరో కూడా చెప్పాడు. చేపల వ్యాపారి, ఐసు కరిగిపోతుంటే స్కూలు పిల్లలు తోశారన్నాడు. ఆఫీసు ఉద్యోగి భార్య వైపు చూశాడు. "నేనే తోసినా సార్, పట్టుచీరెతో, మా చెల్లెలి పెళ్లికి పోతా" అన్నదావిడ. ఈసారి ఆవిడ మాట రాసుకున్నాను. పదకొండు మందిలో ఎవరూ తోయలేదన్నవాడు ఒకడే. అతని కారు కొన్నప్పటి నుంచి వాళ్లింటి షెడ్డులోనే కవరు కప్పి ఉంది.

అదే మనుషులు, అవే కార్లు. ఒక సర్వేలో పదికి తొమ్మిదిన్నర, ఇంకో సర్వేలో దాదాపు అందరూ తోయించుకున్నవాళ్లే. కాకిపిల్ల కాకికి ముద్దని చిన్నప్పుడే చదివాం. దాన్ని పది గడుల్లో నింపి సగటు తీస్తే శాస్త్రమవుతుందనుకున్నాను. ఇంటర్నెట్‌లో ఉన్న ఆ పెద్ద సర్వే తప్పని కూడా నేను అనలేను. అందులో ఎవరిని అడిగారో, ఏ ప్రశ్న వేశారో, వాళ్లు కారు పక్కనుండి చెప్పారో పెళ్లాం పక్కనుండి చెప్పారో నాకు తెలియదు. తెలియకుండానే రంగుల్లో ప్రింటు తీశాను.

మేస్త్రి చేతికి బావ కారు వచ్చింది. ఒక చిన్న భాగం మార్చాడు, వైర్లు మార్చాడు. "దీని జబ్బు ఇంకా నాకు పూర్తిగా దొరకలేదు సార్, నేర్చుకుంటా ఉండాను" అన్నాడు. ఆగడం తగ్గింది. పోలేదు.

తర్వాతి ఆదివారం నేను ఉదయగిరిలో అక్క వాళ్లింట్లో ఉండగా చాచా కొడుకు వచ్చాడు, వెంట చాచా కూడా ఉన్నాడు. బస్సు వాళ్ల ద్వారానో ఎవరి ద్వారానో అతనికి ఏదో తెలిసింది. కారు వాకిట్లోనే ఉంది. మేమంతా దాని పక్కనే నిలబడి ఉన్నాం.

"అన్నా, బండి దారిలో ఆగిందంట గదా?" అని బావను అడిగాడు.

బావ కారు వైపు చూశాడు. "ఆగడమంటే..." అన్నాడు.

"ఒక్కసారి గూడా ఆగలా" అన్నాడు చాచా గట్టిగా. అంత గట్టిగా మాట్లాడినందుకు రొప్పాడు.

అక్క తలుపు పట్టుకుని నా వైపే చూస్తోంది. కొడుకు నా దగ్గరికి వచ్చాడు. "సార్, మీరు లెక్కల సార్ గదా. మీరు జెప్పండి. ఆగిందా?"

జీవితంలో మొదటిసారి సర్వేలో నేను అవతలి వైపు నిలబడ్డాను. ఎంత సులువో అప్పుడు తెలిసింది. లేదని ఒక్క మాటంటే అక్క లోపలికి పోయి టీ పెడుతుంది. చాచా తన ఊళ్లో, తన ఉలితో ఉంటాడు. బావకు బాడుగ ఉంటుంది. ఆయన బెంచీ మీద అడిగినప్పుడు చెప్పనని తలూపాను కూడా. కానీ ఆ నాలుగు గంటలు ఆ ఊపిరి విన్నది నేనే.

"నాకు తెలిసే మూడుసార్లు ఆగింది. ఒకసారి పొద్దున పోయేటప్పుడు ఆగింది. మిషన్ తప్పిపోయింది" అన్నాను.

చాచా ముఖం తిప్పుకున్నాడు. కొడుకు నాకు దండం పెట్టాడు. బావ భుజం మీద చెయ్యేసి, "ఏమనుకోబాకన్నా" అని తండ్రిని తీసుకుపోయాడు.

"నోరు మూసుకోని ఉండలేకపోయినావా?" అని అక్క లోపలికి వెళ్లిపోయింది.

బావ నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. కారు కనిపించనంత దూరం పోయాక ఆగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను.

"మంచిపని జేసినావురా" అన్నాడు. "ఎండలు మొదలైనకాడ నుంచి గుండె చేత్తో పట్టుకోని తోలతా ఉండాను. ఆదివారం రాత్రయితే కూడు దిగదు. నువ్వు ఏరికోరి చూపించిన బండి, నువ్వేమనుకుంటావో అని నీకు జెప్పలేకపోయినా. చాచాకూ జెప్పలేకపోయినా. నాకు నోరు రాలేదురా."

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇరవై ఏళ్లుగా ఈయన నాకు తెలుసు. ఎప్పుడు ఫోన్ చేసి అడిగినా అంతా బాగనే ఉండాదనే మనిషి. ఆ మాటను నేను నమ్మింది ఆయన మీద గౌరవంతో కాదు, నా సర్వే మీద గౌరవంతో. అందుకు సిగ్గుపడ్డాను.

చాచా ఆత్మకూరు పోనన్నాడు. కొడుకు రాజీపడి, ఉదయగిరిలోనే వేరే కారు మాట్లాడాడు. మొదటి సోమవారం ఆ కారు చాచా ఇంటి ముందు ఆగినప్పుడు బావ చూసి నాకు ఫోన్ చేశాడు. అదే రకం కారు. నా లెక్క అయ్యాక ఊళ్లోకి వచ్చింది, బావ దానికంటే ఒక ఏడాది పాతది కూడా. కొడుకు ఇంటర్నెట్‌లో చూసి, మొదటి స్థానం ఉందని కుదిర్చాడట. ఈసారి నేనే పోయి నా రెండో సర్వే కాగితాలు చూపించాను. అతను మర్యాదగా చదివాడు. "మీది పదకొండే గదా సార్" అన్నాడు. స్టాటిస్టిక్స్ ప్రకారం అతను అన్నది సరైనదే.

బావ ఇంకేం చేయాలో ఎవరినీ అడగలేదు. మిగిలిన ఇద్దరినీ ఎక్కించుకుని, ఆ కారు బయల్దేరిన తర్వాత తనూ బయల్దేరడం మొదలుపెట్టాడు. ముందు ఆ కారు, వెనక ఈయన. నెల్లూరు దాకా దాన్ని కంటికి కనిపించేంత దూరంలో ఉంచుకుంటాడు. అది ఆగితే చాచాను ఎక్కించుకోవాలని ఆయన లెక్క. ఆ డ్రైవరుకు ఇదేమీ చెప్పలేదు. కానీ అద్దంలో చూస్తున్నాడేమో, వేగం తగ్గించి తోలడం మొదలుపెట్టాడు.

మొన్న సోమవారం ఎనిమిది గంటలకు ఫోన్ వచ్చింది. క్లాసులో ఉన్నాను, బయటికి వచ్చి ఎత్తాను. ఎనిమిదికి బావ ఫోన్ చేస్తే మిషన్ తప్పిందనే అనుకుంటాను.

"ముగ్గురూ టైముకి పోయినార్రా" అన్నాడు. గొంతులో నవ్వుంది. ఈ కారు కొన్నరోజు కూడా ఆ నవ్వు వినలేదు.

"ముగ్గురేంది బావా, నీ దాంట్లో ఇద్దరే కదా?"

"నాది సంగం కాడ ఆగిపోయింది. ముందరోడు చూసి వెనక్కి తిప్పుకోనొచ్చినాడు. చాచా జరిగి ఇద్దరికీ చోటిచ్చినాడు. నేను రమ్మన్లేదురా, వాడే వచ్చినాడు."

వెనక లారీలు పోతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మరి నువ్వు? ఇంకా ఆడే ఉండావా?"

"ఉంటే ఏమైతాదిరా" అన్నాడు బావ. "నాకేమన్నా మిషన్ కావాలా?"